మార్జిన్‌లో పెన్సిల్

విజయనగరం, కంటోన్మెంట్ వైపు,
పాత కెమిస్ట్రీ ల్యాబు గోడ కొట్టి కలిపిన గది.
సలహా సంఘం మూడో సమావేశం.
మినిట్స్ రాసేది నేను,
గెడ్డ దాటి, గంట్యాడ బస్సు దిగి
తడి చెప్పులతో వచ్చిన రీసెర్చి స్కాలర్ని.

గది మధ్య మా క్రయోస్టాట్.
బుడితి కంచరి తలకిందులుగా వేలాడదీసిన
దీపపు సెమ్మెలా
రాగి పళ్లేలు, అంతస్తులు అంతస్తులు.
అట్టడుగున, బియ్యపు గింజలో పావంత,
మాకున్న ఒకే ఒక్క క్యూబిట్.
మొన్నటి తుపానుకి కరెంటు పోయి
పదహారు గంటలు వేడెక్కింది పాపం.
వేడంటే,
మంచుగడ్డ సిగ్గుపడేంత చలే.

బరాటం ఇందుమతి గారు
వస్తూనే డబ్బు లెక్క అడిగారు.
పైడి లక్ష్ముంనాయుడు గారు, హీలియం మనిషి,
పైపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు.
"పంపు దగ్గుతోందర్రా."
రాశాను: పంపు మరమ్మతు అవసరమని సూచించడమైనది.
దగ్గు అన్న మాట మినిట్స్‌లో పట్టదు.

ఢిల్లీ ఆయన తెరమీంచి అన్నాడు:
"యాభై క్యూబిట్లు. మూడేళ్లు.
లేకపోతే మిమ్మల్నెవరు లెక్కచేస్తారు?"
అక్కడ నెట్ తెగింది.
తెరిచిన నోరు తెరిచినట్టే
గోడమీద ఆగిపోయింది.

అప్పుడు లెంక తవిటమ్మ గారు,
టెక్కలి పుట్టుక, డెబ్బై రెండేళ్ల గణితం,
అంతదాకా తాండ్ర పొట్లం విప్పుతూ కూర్చున్నావిడ,
"పోయిన రెండుపాలూ మనం సెప్పినదాంట్లో
ఏటి తప్పయిందో ముందు సెప్పుకుందుము.
నాది నాను సెప్తాను.
ఆ తప్పులు దిద్దే కోడు వాడమన్నాను.
ఈ పిల్లల ఏడాది తినేసినాది."

గదిలో పంపు ఒక్కటే దగ్గింది.
లక్ష్ముంనాయుడు గారు కళ్లజోడు తీశారు.
"నాది, ఆ చవక కేబులు."
ఇందుమతి గారు ఫైలు మూసి, మళ్లీ తెరిచి,
"జనరేటరు... నేనే వద్దన్నాను" అన్నారు
ఎవరికీ కానట్టు.

నా దగ్గర మూడు గడులే ఉన్నాయి:
నిర్ణయం, బాధ్యులు, గడువు.
పెన్ను పక్కనపెట్టి
మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను.
కోడు. కేబులు. జనరేటరు.

"నువ్వేటి అనవేటమ్మా?"
నన్నే.
గొంతు తడుపుకుని అనేశాను:
"మూడు నెలలకోసారి వస్తారు మేడం.
మీరొచ్చే ముందు నెలంతా
కొలతలు మానేసి స్లైడ్లు చేస్తాం.
చూస్తే చెదిరిపోయేది
అదొక్కటే కాదండి."

డైరెక్టరు గారు నావైపు చూసిన చూపు
ఇరవై మిల్లీకెల్విన్లు ఉంటుంది.
తవిటమ్మ గారు మాత్రం
పంటికి తాండ్ర అంటుకునేలా నవ్వారు.
"ఓలమ్మ! అయితే ఏడాదికోపాలి వస్తాం.
యాబయ్యీ ఎందుకు,
ఒక్కదాని మాట సరిగ్గా ఇనండి ముందు."
రాశాను: సమీక్షా కాలవ్యవధి సవరించడమైనది.

సాయంత్రం శుభ్రప్రతి టైపు చేశాం.
పెన్సిల్ ముక్కలు అందులోకి వెళ్లలేదు.
చిత్తుప్రతి మాత్రం మడతపెట్టి
క్రయోస్టాట్ లాగ్‌బుక్కులో దాచాను,
దానికైనా తెలియాలి కదా ఎవరు ఏం ఒప్పుకున్నారో.

రాత్రి పదిన్నరకి ఫోను.
వెనక రైలు చప్పుడు, పలాస దగ్గరేమో.
"ఎంతకొచ్చినాది?"
"నలభై కెల్విన్ మేడం. మెల్లిగా దిగుతోంది."
"నువ్వు తొంగో.
చూసినా దిగుతాది, చూడకపోయినా దిగుతాది."

తొంగోలేదు.
ముప్పై తొమ్మిది దాకా చూశాను.