పంతొమ్మిదో సెంటీమీటరు

ఎలెఫ్సీనా రేవులో
సగం మునిగిన ఓడలు తమ తుప్పును తామే తాగుతుంటాయి.
రిఫైనరీ మంట పగలు కూడా ఆరదు.
ఇక్కడి పిల్లల్ని రాత్రి ఏ రంగని అడిగితే
నారింజ అంటారు.

పడవ నాది. గొట్టం స్తమాటియాది.
వించి కిర్రుమంటుంది, తాడు వదులవుతుంది,
పైకొచ్చేది చేయి పొడవు నల్లబురద,
కుళ్ళిన గుడ్డు కంపుతో.
దాన్ని ఆమె రొట్టె కోసినట్టు కోసి
ముక్కముక్కకీ చీటీ అతికిస్తుంది.
"ఇది నా పెళ్ళినాటిది,
ఇది నువ్వు బడి ఎగ్గొట్టిననాటిది" అని నవ్వుతుంది.

పంతొమ్మిదో సెంటీమీటరు దగ్గర
కత్తి కాస్త అంటుకుంటుంది.
అది మా నాన్న ఏడాది.
ఆమెకు తెలీదు.

థ్రాసీవులోస్, టాంకర్లు కడిగే కూలీ.
తెల్లారకముందు వాల్వు తిప్పమన్నారు, తిప్పాడు.
రాత్రికి రెట్టింపు.
ఇంటికొచ్చి కిరోసిన్‌తో, సబ్బుతో, నిమ్మచెక్కతో
చేతులు రుద్దీ రుద్దీ
ఆయన తుంచి పెట్టిన రొట్టె
నా నోట్లో ఓడ వాసన వేసేది.
నా మొదటి బూట్లు ఆ డబ్బువే.

అడుగున ఎవరూ పిలవని కూలీలున్నారంటుంది స్తమాటియా.
కంటికి ఆనరు. వెలుగక్కర్లేదు, గాలక్కర్లేదు.
ఉప్పునీటి గంధకంతో ఊపిరి తీస్తూ
చాప కింద నీరులా తింటుంటారు.
ముందు తిన్నని గొలుసులు,
ఆపైన కొమ్మలు వేసినవి.
ఉంగరాలై ముడిపడ్డ మొండి నూనెను మాత్రం
మునిమనవలకు వదిలేస్తారు,
ఆ మునిమనవలు వాళ్ళ మునిమనవలకు.

"మొత్తం ఎప్పటికవుతుంది?"
భుజాలెగరేసింది.
"నత్రజని చాలని చేను ఇది.
నీ కొడుకు చుక్కాని పట్టే రోజుకి
మళ్ళీ కోసి చూద్దాం."

నాకు కొడుకు లేడు. ఆ మాటా చెప్పలేదు.

కత్తి తుడవమని గుడ్డ ఇచ్చింది.
గుడ్డ పక్కనపెట్టి
అంటుకున్న చిటికెడు బురదను వేలితో గీకి
నీళ్ళలోకి వదిలాను.
ఎవరి కూడు వాళ్ళకి.

నాన్నను పెట్టెలో పడుకోబెట్టిన రోజు
చలవచొక్కా, కొత్త బెల్టు,
అత్తయ్య పదిసార్లు కడిగిన చేతులు.
గోళ్ళ కింద మాత్రం
సన్నటి నల్లగీత అలాగే ఉంది.

ఆ కొండవాలు మట్టిలో కూడా
వాళ్ళు ఉంటారా, స్తమాటియా?

అడుగుదామనే తిరిగాను.
ఆమె తర్వాతి చీటీ మీద తేదీ రాస్తోంది.
ఇంజను తాడు లాగాను.