కవరు మీద ఏ రంగు

బొర్గ్‌హిల్ద్ నన్ను పిలిచింది ఒక్క ఫోటో కోసం.
విత్తనాల కవరు మీదికి
నీలి గసగసాల పువ్వు, నిలువుగా, ఒకటే.
"అరగంట పని," అంది.
ఇవాళ్టికి పదకొండో రోజు.

ట్రోమ్సోలో జూలై. సూర్యుడు
దిగడానికి మెట్టు దొరకనివాడిలా
కొండల మీదుగా అడ్డంగా నడుస్తున్నాడు.
పడవల రేవుకీ పెట్రోలు బంకుకీ మధ్య ఆమె తోట,
వాన తాగి తాగి నల్లబడ్డ మట్టి,
అందులో నలభై మూడు మొక్కలు.
ఒళ్ళంతా నూగు. పువ్వులన్నీ తల వంచుకుని,
ఇప్పుడే ఎవరో కసిరినట్టు.

మొదటి ఫోటోలో పువ్వు ఊదాగా వచ్చింది.
ఊదా అని కూడా అనలేను,
బ్లూబెర్రీ జామ్ ఒలికిన దుప్పటి
ఉతికాక మిగిలే మరక.
ఆమె కళ్ళజోడు నుదుటికెత్తి చూసింది:
"ఈ పిల్ల నా పిల్ల కాదు."

కెమెరా తరఫున నేను వకాల్తా పుచ్చుకున్నాను.
రేకు నీలాన్నే కాదు, వెనకాలే ఒక ఎరుపునీ పంపుతుందని,
ఆ ఎరుపు మన కంటి గడప దాకా వచ్చి
చెప్పులు విప్పకుండానే మళ్ళిపోతుందని,
కెమెరాకి గడపే లేదని,
వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి కాఫీ ఇస్తుందని.
"మంచి ఇల్లాలే," అంది,
"కానీ నా పువ్వుని చూడలేదు."

నాలుగో రోజు నీలాన్ని లాక్కొచ్చాను.
పువ్వు కుదిరింది, ఆకులు చచ్చాయి.
కాడ పట్టుకున్న ఆమె వేళ్ళు
మంచు కింద దొరికిన వేళ్ళలా.
మేం వాదించుకుంటుంటే ఒక తుమ్మెద
ఎవరి మాటా వినకుండా లోపలికి దూరింది.

ఏడో రోజు ఆమె మాట్లాడకుండా
ఎడమ కన్ను మూసి చూసింది.
తర్వాత కుడి కన్ను.
మళ్ళీ ఎడమ.
కుడి కంటికి మార్చిలో శుక్లం తీశారు,
ఎడమ దానికి సెప్టెంబరులో వరుస.
"ఇటు చూస్తే," అంది, "ఐసు చీల్చితే లోపల కనిపించే నీలం.
అటు చూస్తే, పాత వార్నిష్ కింద పటం.
ఐవిన్ద్, ఇరవై ఆరేళ్ళుగా
ఏటా అన్నిట్లోకీ నీలంగా ఉన్నదాన్నే
విత్తనానికి ఉంచుకున్నాను.
కన్ను పసుపు తిరిగేకొద్దీ
ఇంకా నీలం, ఇంకా నీలం అని ఏరుకుంటూ పోయానేమో.
ఇది ఇంత నీలమెక్కింది
నా చూపు పాడవడం వల్లనా?"
కెమెరా మెడలో వేలాడుతోంది.
దానికీ నాకూ జవాబు లేదు.
ఆమె పడీ పడీ నవ్వింది, పక్కింటి కుక్క లేచేదాకా.

తొమ్మిదో రోజు చెల్లెలు టోర్దిస్
హార్‌స్టాడ్ నుంచి ఊలు పెట్టె మోసుకొచ్చింది.
పోగు వెంట పోగు రేకు పక్కన పెట్టి
ఒకటి దొరకబుచ్చుకుంది. రేకేదో పోగేదో తెలీలేదు.
కవరుకొక పోగు కడదామని
ముగ్గురం వంటింట్లోకి పరిగెత్తాం.
ట్యూబులైటు కింద రేకు రేకే,
ఊలు మాత్రం పాచి పట్టిన నీళ్ళు.
టోర్దిస్ లైటుని తిట్టింది, తర్వాత ఊలుని, చివరికి నన్ను.

ఇవాళ కవరు మీద
ఫోటో ఉండాల్సిన చోట తెల్ల చదరం.
బొర్గ్‌హిల్ద్ దాని కింద చేత్తో రాస్తోంది:
వాన వెలిశాక చూడండి. రాత్రి పదకొండుకి.
ఒంటరిగా చూడకండి.
ఇద్దరూ ఒకే రంగు చెబితే నాకు ఉత్తరం రాయండి.

"దక్షిణాది ఊళ్ళలో పదకొండుకి చీకటి కదా," అన్నాను.
"అది వాళ్ళ కష్టం," అంది,
జిగురు నాలుకతో తడుపుతూ.

నేను సామాను సర్దుకుని గేటు దాకా వెళ్ళాక
వెనక నుంచి పిలిచింది:
"ఆ ఊదా ఫోటో పారేయకు.
రెండో కన్ను కూడా అయ్యాక
ఇంకోసారి చూపించు."