గిన్నెలో మిగిలింది

ఏడుగురు అమ్మాయిలకి వండుతాను.
తెల్లవారుజామున నాలుగున్నరకి బియ్యం కడుగుతుంటే
పైన మేడ మీద తూకం యంత్రం
కీచుమనడం మొదలవుతుంది.
ఒక్కొక్కరే ఎక్కుతారు, దిగుతారు,
గోడ మీది పట్టికలో పేరు పక్కన అంకె రాస్తారు,
నలభై తర్వాత చుక్క పెట్టి మరీ.

వాళ్ళ పరుగు నేను చూడను.
నాకు తెలిసేది గిన్నెలు తిరిగొచ్చే తీరు.
కహో గిన్నె నాకినట్టు వస్తుంది
(అదీ చాలదని అప్పట్లో నాకు తెలీదు).
మియోరిది మాత్రం మూడొంతుల అన్నం,
మీద మూతలా పరిచిన ఒక ఆకు.
కప్పితే కనబడదనుకుంది పిచ్చిపిల్ల,
నలభై ఏళ్ళుగా గిన్నెలు తోముతున్న నాకు.

మొదటి ఏడాది నిజంగానే తేలికైంది,
నిజంగానే దూసుకెళ్ళింది.
అది అబద్ధమైతే ఎంత బాగుండేది!
ఐదు కిలోమీటర్లకి పదకొండు సెకన్లు తగ్గాయని
కురోగి కోచ్ ఆ అంకె పక్కన ఎర్ర సిరాతో పువ్వు గీశాడు.
ఆ రాత్రి ఇంకో రెండు గిన్నెలు
సగంలోనే వెనక్కొచ్చాయి.

చలికాలానికి టీ కప్పు అడిగేది
తాగడానికి కాదు, పట్టుకోవడానికి.
స్నానాలగది జాలీలో పొడుగాటి వెంట్రుకలు.
మెట్ల మధ్యలో ఆగి
కాలి ముందెముక వేలితో నొక్కి చూసుకునేది.
"ఆకలెయ్యదటే?" అంటే
"అది నాతో మాట్లాడ్డం మానేసింది పెద్దమ్మా" అని నవ్వింది.

ఇంకో సంగతి. చెప్పుకునేది కాదు గానీ చెబుతాను.
మరుగుదొడ్లు కడిగేదీ నేనే.
మూలన ఒక మూతబుట్ట ఉంటుంది,
నెలనెలా కాగితంలో చుట్టి పడేసే వాటికి.
ఏప్రిల్ నుంచీ అది ఖాళీ.
ఏడుగురు ఆడపిల్లలు, ఎనిమిది నెలలు,
ఒక్క పొట్లం లేదు.
కోచ్‌తో అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.
"పరిగెత్తే పిల్లలకి మామూలే" అన్నాడు కిటికీ వైపు తిరిగి,
"బాగా కష్టపడుతున్నారన్నమాట."

డిసెంబరు పోటీలో మియోరిది మూడో అంచె.
మొదటిసారి వంటింటి టీవీ పెట్టాను,
చేతిలో సగం తరిగిన ముల్లంగి.
చెమటతో తడిసిన ఆకుపచ్చ పట్టా
భుజం మీంచి తీసి నాలుగో పిల్ల చేతిలో పెట్టింది.
పెట్టాకే కూలింది.
పొయ్యి మీద పులుసు పొంగిపోయింది, నేను కదల్లేదు.

కాలెముకలో చీలిక.
స్కాన్ చూసి డాక్టరమ్మ అందట:
ఇరవై ఏళ్ళ పిల్లలో అరవై దాటిన ఎముకలని.
అంటే నా ఎముకలు.
ఆ పూట నా మోకాళ్ళని నేనే తిట్టుకున్నాను,
వాటి తప్పేముంది పాపం.

తర్వాత ఆవిడే వంటింటికొచ్చి,
పీట మీద కూచుని, నా లెక్కల్లోనే చెప్పింది.
తిన్నదాంట్లో పరుగు తన వాటా ముందే పట్టుకుపోతుంది.
ఇక మిగిలిందాంతోనే గుండె కొట్టుకోవాలి,
గోరు పెరగాలి, గాయం మానాలి, నెల తిరగాలి.
మిగల్లేదనుకో,
ఒళ్ళు చడీచప్పుడు లేకుండా ఒక్కో దీపం ఆర్పుకుంటూ వస్తుంది.
ప్రాణం ఉన్న గది ఒక్కటీ వదిలేసి.

ఇన్నేళ్ళూ నేను చూసింది గిన్నెలో మిగిలినదాన్ని.
పిల్లలో ఏం మిగిలిందో
ఏ గిన్నె చెబుతుంది?

పట్టిక ఇప్పుడు లేదు. మేకు ఉంది.
కురోగి రోజూ దాని కిందే నిలబడి
అందరితో పాటు తింటున్నాడు, కొంచెం ఎక్కువే.

మియోరి నాన్నగారి నారింజ తోట నుంచి కార్డు రాసింది:
"నాలుగు పూటలా తింటున్నాను.
బరువు చూసుకోవడం మానేశాను.
అబద్ధం. ఒక్కసారి చూశాను."
మళ్ళీ పరిగెడతానని రాయలేదు, పరిగెత్తననీ రాయలేదు.

నిన్న పొద్దున మూతబుట్ట తీస్తే
అడుగున చిన్న పొట్లం.
ఎవరిదో అడగలేదు.
మా వైపు ఆడపిల్ల పెద్దదైతే
అజుకి గింజలేసి ఎర్రన్నం వండుతారు.
ఇది మొదటిసారి కాదు, నాకు తెలుసు.
అయినా రాత్రి బంకబియ్యం నానబోశాను.
ఇప్పుడున్నది ఆరుగురే.
కొలత మాత్రం ఏడుకే వచ్చింది చేతికి.