వెర్ష్

చీటీ మీద రాసుకున్నాడు లోరిమర్ పంతులు:
"వెర్ష్. విశేషణం. ఉత్తరాది వాడుక. అర్థం?"
ప్రశ్నార్థకం కింద సిరా చుక్క
ఆరడానికి తొందరేమీ లేనట్టు కూచుంది.

దక్షిణాన ఎవరో నిఘంటువు కూరుస్తున్నారట,
మాటకో చీటీ పంపమన్నారట.
ఫోర్త్ ఒడ్డున, చెవులు కోసే గాలిలో
గ్రిజెల్ గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఎనభై ఏళ్ల గ్రిజెల్,
బుట్ట వీపున కట్టి ఊరూరా ఉప్పమ్మిన మనిషి.
బుట్ట దించి ముప్పై ఏళ్లయినా
నడుము ఇంకా దాన్ని మోస్తూనే ఉంది.

"అర్థమా?" అంది.
పొయ్యి మీది ఓట్ల జావ గరిటెడు
గిన్నెలో పోసి ముందుకు తోసింది.
ఒక చెంచా తిన్నాడు. మొహం మారింది.
"అదే," అంది.

చప్పిడి, అని రాసుకున్నాడు.
ఈ మాట ఒకప్పుడు ఇంకాస్త పొడుగు: వేరిష్.
నాలుగైదు వందల ఏళ్ల కిందట
పస లేని పులుసుకి అనేవారు,
తర్వాత రోగంతో వాడిన మొహానికి.
నోళ్లు మారి మారి, నడుమ అరిగి,
ఈ ఒడ్డుకి ఇంత మిగిలింది.
ఇదంతా పంతులు ఉత్సాహంగా చెప్పాడు.
గ్రిజెల్ నిప్పు ఎగదోసుకుంటూ విన్నది.

"మా నాన్న ఉప్పు వండేవాడు బాబూ.
ఈ గదంత ఇనప పెనం, కింద బొగ్గు,
మురికి పైకి తేలడానికి ఎద్దు నెత్తురు.
పెనాన్ని అమ్మితే మనిషినీ కలిపి అమ్మేవారు అప్పట్లో.
కాగితంలో పెనం పై వరస, మా నాన్న కింది వరస.
తిన్న ఉప్పుకి విశ్వాసం ఉండాలనేవాడు దొర.
ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు?
సుంకం కట్టి కొనే ఉప్పు మాకెక్కడిది!
మా జావ ఎప్పుడూ వెర్షే.
నాన్న పడుకున్నాక
పిల్లలం ఆయన చొక్కా చేతులు నాకేవాళ్లం."

పంతులు కలం ఆగిపోయింది.

"శనివారం రాత్రి మంట తగ్గించి పోయేవారు.
సోమవారానికి లావుపాటి పలుకులు కట్టేది,
ఆదివారపు ఉప్పు. అన్నిట్లోకీ మేలైనది.
మనిషి ముట్టుకోని రోజున పుట్టింది కదా."
గూట్లోంచి ఒక పలుకు తీసి
అతని అరచేతిలో పెట్టింది.

చీటీ వెళ్లింది. జవాబూ వచ్చింది:
"అచ్చయిన పుస్తకంలోని ఉదాహరణ కావాలి.
ముసలామె మాట చాలదు."

తిరిగొచ్చిన చీటీని సొరుగులో పడేసి
ఎగరకుండా ఆ పలుకు పైన పెట్టాడు.
నవంబరు పొగమంచుకి పలుకు చెమర్చింది,
సిరా కదిలింది.
అర్థం అన్నచోట ఇప్పుడు
కాగితం తెల్లగా, గరుగ్గా ఉంది.
అప్పుడప్పుడు పంతులు
అక్కడ వేలు రాసి
నాలుక మీద పెట్టుకుంటాడు.