మూడో ట్యాంకరు

ప్రేమంటే ఏందో నాకు నేర్పింది
కనిగిరిలో ఒక రేకుల హాలు.
నేల టికెట్టు, ముందు వరస.
మెడ వెనక్కి వాల్చి చూస్తే
హీరో మొహం మా ఇంటంత ఉండేది,
కంట్లో తిరిగిన నీటిబొట్టు మా కుండంత.

పదో తరగతి తప్పాను గానీ
ఆ పాఠం తప్పలేదు:
చూపు తగలంగానే గాలి రావాల,
అది నా ఒక్కదాని జుట్టునే కదిలించాల,
నేనలిగి బస్సెక్కితే
బస్సు వెంట రొప్పుకుంటా ఒకడు పరిగెత్తాల.
ఆఖరికి వాన.
వాన పడకుండా ఆ హాల్లో ఏ ప్రేమా తెమిలింది లేదు.

మా వైపు వాన సంగతి తెలిసిందే గదా.
మబ్బొస్తుంది, కొండ మీద కాసేపు కూచుంటుంది,
పెళ్ళిచూపులకొచ్చి కాఫీ తాగి
కబురు చేస్తామని పోయినోళ్ళ మాదిరి
వెలిగొండ వైపు వెళ్ళిపోతుంది.
బోర్లలో వచ్చేవి
పిల్లల పళ్ళకు గార పట్టించే నీళ్ళు,
ముసలోళ్ళ మోకాళ్ళు వంకర తిప్పే నీళ్ళు.

నన్ను చూడొచ్చిన మాల్యాద్రి
నా కళ్ళలోకి చూళ్ళేదు.
"మీ బోరు ఎన్నడుగులకు పడింది మామా?" అన్నాడు
మా నాయన్ని.
ఎనిమిదొందలనంగానే జాలిగా తలూపాడు.
మా తొలిచూపు అంతే.

ఆయనది నీళ్ళ ట్యాంకరు.
తెల్లారి మూడింటికి లేచి వరసలో పెట్టాల.
పక్కలో సగం ఎప్పుడూ చల్లగా ఉండేది,
మిగతా సగం డీజిలు వాసన.

రెండుసార్లు అలిగి పొదిలి బస్సెక్కాను.
మొదటిసారి ఎవరూ రాలేదు.
రెండోసారి నిజంగానే వెనక వచ్చాడు.
గుండె నోట్లోకొచ్చింది.
హారన్ కొట్టి, సైడడిగి,
బస్సును దాటేసి పోయాడు.
లోపల నేనున్నట్టు ఆయనకు తెలీదు.

ఒక ఎండాకాలం షూటింగోళ్ళొచ్చారు,
కొండ కింద బీడు పొలానికి. వాన పాట.
ట్యాంకరు పన్నెండొందలు, మూడు కావాలన్నారు.
నేనూ పోయాను, క్యాబిన్లో కూచుని,
ప్రేమ పుట్టే చోటికి
ఆయన పక్కన.

చిల్లుల పైపు ఎత్తి కట్టారు. ఒకడు వాల్వు తిప్పాడు.
మిట్టమధ్యాన్నం, మాడే ఎండలో వాన.
ఆ పిల్ల తడిసింది, నవ్వింది, గిర్రున తిరిగింది.
ఆపంగానే కాళ్ళకంటిన బురద చూసుకుని
"ఇంకెన్నిసార్లు" అంది.
అతను ఫ్యాను వైపు తిరిగి నిలబడ్డాడు.

ఊళ్ళో ఆడోళ్ళు బిందెలతో పరిగెత్తుకొచ్చారు.
కెమెరాకు అడ్డమని తరిమారు.
మళ్ళీ వచ్చారు.
కోటమ్మత్త ఆ వాన అంచున,
పైపు చివర కారే ధార కింద బిందె పెట్టింది.
ఎవరెంత అరిచినా
నిండేదాకా కదల్లేదు.

ఇదంతా కళ్ళారా చూసినాక
బుద్ధి రావాల గదా.
సినిమా వచ్చింది. పోయాం.
ఆ పాట మొదలవంగానే
గొంతుకేదో అడ్డం పడింది.
ఎవరి ట్యాంకరులోంచి పడుతుండాదో తెలిసీ
ఆ వానకు ఏడ్చాను.
పక్కన ఆయన తెర మీదికి వేలు చూపించి
"మూడో ట్యాంకరు డబ్బులు
ఇంకా ఇయ్యలేదు నా కొడుకులు" అన్నాడు.
ముందెవరో ఉష్షన్నారు.
ఏడుపులోనే నవ్వొచ్చింది, ముక్కు చీదుకున్నాను.

ఆదివారాలు ట్యాంకరు అడుగున మిగిలిన
మంచినీళ్ళు ఒక బక్కెట
దొడ్లో దించి పోతాడు.
బోరు నీళ్ళకు నురగ రాదు,
జుట్టు కొబ్బరి పీచవుతుందని
ఎప్పుడో పక్కింటి ఖాదర్బీతో అన్నాను.
ఆయన విన్నాడో లేదో తెలీదు. అడగలేదు.
కొన్ని ఆదివారాలు మర్చిపోతాడు కూడా.

దీన్నే ప్రేమంటారని ఎవరన్నా చెప్పొస్తే
అనబాకండి, నేనొప్పుకోను.
తలనిండా నురగతో, కళ్ళు మూసుకుని
చెంబు కోసం తడుముకునేటప్పుడు
ఎనకమాల ఫిడేళ్ళు మోగుతాయేమోనని
ఇప్పటికీ ఒక చెవి అటే పెట్టుంచుతాను.

రోడ్డు మీద
గేరు మార్చిన చప్పుడు.