అచ్చుకు వెళ్ళే ముందు

మా విద్యా కళాశాల ఏటా మాఘంలో
నాలుగు పేజీల వార్తాపత్రిక వేస్తుంది.
మూడు పేజీలు ఒడియా, ఒకటి తెలుగు.
తెలుగు పేజీ నాది.
జీతం మాత్రం సైన్సు ల్యాబు అటెండరుది.
పర్లాకిమిడి మొత్తమ్మీద కాదు గాని, ఈ కాంపౌండులో
తెలుగు టైపు తెలిసిన వేళ్ళు నావే.

ప్రిన్సిపాలు గారికి తెలుగు చదవడం రాదు.
ఒక్కో వాక్యం ఒడియాలో చెప్తే
కళ్ళు మూసుకుని విని
ఉంచు అనో తీసెయ్ అనో అంటారు.

అధ్యాపకుల వార్తలు.
తెలుగు బోధనా పద్ధతి చెప్పిన కింతలి సింహాద్రి మాస్టారు
రిటైరై మూడేళ్ళు.
ఆ రోజు శాలువా కప్పాం, కొమ్ముతో చెక్కిన కొంగనిచ్చాం.
మా ఊరి కొంగ,
ఒంటికాలి మీద నిలబడి
పీట మీద లేని చేపకోసం చూస్తూనే ఉంటుంది.
ఆయన కుర్చీలోకి ఎవరూ రాలేదు.
ప్రతి మంగళవారం ఆయనే వస్తున్నారు,
ఏరు దాటి, పాతపట్నం నుంచి సైకిలు మీద,
ప్యాంటు అంచుకి క్లిప్పు పెట్టుకుని,
ఉన్న ముగ్గురికి పాఠం చెప్పడానికి.
తీసెయ్, అన్నారు ప్రిన్సిపాలు.
జీతం లేని మనిషి రిజిస్టరులో లేడు,
రిజిస్టరులో లేనివాడు వార్తలో ఎలా ఉంటాడు?
"పోస్టు భర్తీ పరిశీలనలో ఉంది" అని రాయి.
పోయినేడాది ఫైలు తెరిచి
ఆ వాక్యాన్నే ఇక్కడికి మోసుకొచ్చాను.

విద్యార్థుల వార్తలు.
సునామణి గమాంగో, రెండో సంవత్సరం,
కొండమీది బడిలో టీచింగ్ ప్రాక్టీసు.
వాచకంలో జ అంటే జడ.
ఈ పిల్ల చార్టు మీద జీలుగు చెట్టు గీసింది.
అంతవరకు గోడకి అంటుకుపోయిన పిల్లలు
ఒక్కసారిగా లేచి
ఏ చెట్టు ఎవరి తాతది, ఎన్ని కుండలు దిగుతుంది,
ఎలుగుబంటి ఏ రాత్రి ఎక్కింది,
సవరలో అరిచి చెప్తుంటే
సునామణి ఒక్కో మాట పక్కన తెలుగు మాట రాస్తూ పోయింది,
బోర్డు చాలక తలుపు మీద కూడా.
పరిశీలకుడు రెండు మార్కులు కోశాడు.
కల్లు చెట్టు బడికి తగదట.
ప్రిన్సిపాలు కళ్ళు తెరిచారు.
తలుపు మీద కూడానా?
ఉంచు. మార్కుల మాట మాత్రం తీసెయ్.

పూర్వ విద్యార్థులకి ఒక ఫారం పంపుతాం,
పేరు, బ్యాచి, ప్రస్తుత హోదా.
బెవర దాలినాయుడిది ఆ ఏటి బంగారు పతకం.
ఏటికి అవతల డీఎస్సీ రాస్తే నువ్వు ఒడిశావోడివన్నారు,
ఇవతల దరఖాస్తు పెడితే తెలుగు పోస్టు లేదన్నారు.
ఎండాకాలం ఆ ఏరు మోకాలి లోతు.
స్టేషను దగ్గర టిఫిను బండి పెట్టాడు.
బండికి నల్లబోర్డు వేలాడుతుంది,
కుడివైపు పైన తేదీ, నడుమ శీర్షిక, కింద గీత.
"నేటి పాఠ్యాంశం: ఇడ్లీ, పెసరట్టు."
వాన పడినా తేదీ మార్చడం మానడు.
ఫారంలో హోదా గడి వదిలేసి,
"ఏటి రాస్తే బాగుంటాది బావూ?" అన్నాడు
చట్నీ గరిటె ఎత్తి పట్టుకుని.

రాయగడ నుంచి పైల సుభద్ర ఉత్తరం.
పైకి ఒడియా అక్షరాలు, లోపల తెలుగు.
గొంతు విప్పి చదివితేనే అర్థమవుతుంది.
"మన రాత మరిచిపోయాను, ఏమనుకోకండి.
హెడ్మిస్ట్రెస్‌నయ్యానని వేయండి.
మాస్టారు ఎలా ఉన్నారు? ఆ సైకిలేనా ఇంకా?"

సాయంత్రం ఫైలు మూస్తూ, అంతేనా? అన్నారు ప్రిన్సిపాలు.
ఇంకో రెండు వాక్యాలున్నాయి.
ఒడియాలోకి మార్చి
"అడుగున చాక్‌పీసుల ప్రకటన" అని చెప్పాను.
ఉంచు, అన్నారు.

ప్రూఫు ఇప్పుడే వచ్చింది, తడి ఆరలేదు.
బెవర దాలినాయుడు, ఉపాధ్యాయుడు, రైల్వే స్టేషను ఎదుట.
సుభద్ర గారికి: సైకిలు అదే, మంగళవారాలు.
రెండూ తప్పుల్లేకుండా పడ్డాయి.
పైన జీలుగు మాత్రం జిలుగైపోయింది.
పొద్దున్నే ప్రెస్సుకెళ్ళి
దీర్ఘం పెట్టించాలి.