ఎడమ పక్కది

ఉగాది ముందు వారం నుంచీ
డాబా మీద ఎడమ స్పీకరు పలకడం లేదు.
కుడిది ఒక్కతే పాడుతోంది,
జంటలో ఒకరు అలిగితే
రెండోవాళ్ళు గొంతు పెంచినట్టు.
ఆంప్లిఫయరు మీద పచ్చ లైటు
తనకేమీ తెలియనట్టు వెలుగుతోంది.

లాసన్స్ బే గాలికి ఇనుమన్నది నిలవదు.
గ్రిల్లు, మేకు, తలుపు గొళ్ళెం
ఏడాదికోసారి తుప్పు కక్కుతాయి.
"స్పీకరు పోయుంటుంది, కొత్తది తీస్కోండి"
డాబాగార్డెన్స్ షాపతను చెప్పేశాడు
ఫోన్లోనే, చూడకుండానే.

పక్కింటి నూకరత్నం
కంచరపాలెంలో ముప్ఫై రెండేళ్ళు
మోటార్లకి రాగి చుట్టిన మనిషి.
పిట్టగోడ మీంచి అడిగింది,
"ఏటమ్మా, వారం బట్టి మీ పాట
ఒంటికాలి మీద కుంటతంది?"

కుడి తీగ ఎడమకీ ఎడమ తీగ కుడికీ మార్పించింది.
మార్చినా పలికింది కుడిదే.
"అయితే పెట్టి మంచిదే. దాన్ని తిట్టకు."
ఇంట్లోకెళ్ళి ఒక సెల్లు పట్టుకొచ్చింది,
స్టూలెక్కి స్పీకరు వెనక తీగలూడదీసి
సెల్లుని రెండు వైపులా తాకించింది.

టుక్కు.

పళ్ళెంలో పెసరగింజ పడినంత చప్పుడు.
"పేణం ఉంది. దారే తెగిపోనాది."

ఇక తీగ వెంబడి నడక.
బట్టల దండెం కింద, తులసి కుండీ పక్కన,
వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్ళేసరికి
నా కాళ్ళు నెమ్మదించాయి.
అక్కడ రెండడుగులు చాలక
కిందటేడు వేసిన అతుకు.
విప్పితే రాగి లేదు, చిలుం ఉంది,
వేలికి పచ్చగా అంటుకుని రాలింది.
"ఎవుడు సేసినాడీ పని?"
"ఎలక్ట్రీషియన్" అన్నాను.
అతుకు మీది ప్లాస్టరు పైకెత్తి చూపించింది,
దెబ్బలకేసేది, మధ్యలో దూది.
"ఎలట్రీషనా, కాంపౌండరా?"

కోసింది. లోపలా పచ్చదనమే.
మళ్ళీ కోసింది. జానెడు పోయాక
ఎర్రగా, కొత్తగా మెరిసింది రాగి.
సోల్డరు పొగ కళ్ళలోకి పోతే
పమిటతో తుడుచుకుంటూ అతికింది.

రెండూ పాడాయి. కానీ డోలు ఎక్కడో
గోనెసంచిలో కట్టేసినట్టుంది.
"ఒకడు తోస్తంటే ఒకడు లాగతన్నాడు" అంటూ
ఒకవైపు కొసలు అటూ ఇటూ చేసింది.
డోలు వచ్చి ఛాతీకి తగిలింది.

కాఫీ అన్నా ఆగలేదు.
సెల్లు కొంగున ముడేసుకుని దిగిపోయింది.
కాసేపటికి గోడ అవతల కుర్చీ జరిపిన చప్పుడు.
"టైమెంతమ్మా? మా గోడ గడియారం
ఆరూ పది కాడే ఆగిపోనాది."

పాట తగ్గించాను, రెండు వైపులా.
"ఏడుంబావు" అన్నాను.